గురజాల బాట పట్టిన బోధకుడు

జూలై 31 దగ్గర పడిందంటే గుంటూరు సీమలోని లూథరన్ సంఘాల్లో ఫాదర్ హయ్యర్ పేరు మళ్ళీ వినపడుతుంది. 1842లో ఆ రోజున ఆయన గుంటూరు చేరారు. ఆ రాకను గురించి చాలా చెప్పుకుంటాం. ఆయన తరువాత వెళ్ళి కాపురమున్న ఊరిని గురించి మాత్రం తక్కువ చెప్పుకుంటాం. ఈ వారం ఆ ఊరి సంగతి కాస్త ఎక్కువగా రాయాలని మా ఉద్దేశం. కారణం లేకపోలేదు. మన చిలకలూరిపేట చుట్టుపక్కల పల్లె సంఘాల పరిస్థితి పాఠకులకు తెలిసిందే. ఒకే కాపరి నాలుగైదు ఊళ్ళు చూసుకోవాలి, ఆయన వచ్చిన ఆదివారమే ప్రభువు బల్ల. సెమినరీ ముగించిన యువకుడు పల్లెకు రావాలంటే పిల్లల చదువు సంగతి ఏమిటని అడుగుతాడు. అడగడం తప్పని మేము అనం. హయ్యర్‌కూ పిల్లలున్నారు.

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1793 జూలై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టారు. నెపోలియన్ యుద్ధాలు యూరపును ఊపేస్తున్న రోజులవి. కన్నవారు ఆయనను 1807లో, ఇంకా పద్నాలుగేళ్ళ ప్రాయంలో, అమెరికాలోని ఫిలడెల్ఫియాకు బంధువుల దగ్గరకు పంపేశారు. అక్కడే వేదాంతం చదువుకున్నారు, కొంతకాలం గోటింజెన్ విశ్వవిద్యాలయంలోనూ చదివి వచ్చారు. 1820లో అభిషేకం పొందారు.

ఆ తరువాత ఇరవై ఏళ్ళు ఆయన పల్లె బోధకుడే. పెన్సిల్వేనియా కొండ ఊళ్ళలో, మేరీలాండ్‌లోని కంబర్లాండ్‌లో, గుర్రం మీద తిరుగుతూ చెదిరి ఉన్న జర్మన్ రైతు కుటుంబాలను సంఘాలుగా కూర్చారు, ఆదివారపు బడులు పెట్టించారు. మేరీలాండ్ అప్పటికి బానిసలను ఉంచుకునే రాష్ట్రం. ఇంకా దక్షిణానికి పోతే పత్తి చేలన్నీ బానిసల చెమటతోనే పండేవి. అక్కడి గ్రామ సంఘాల్లో యజమానులు ముందు వరుసల్లో, బానిసలు వెనుకనో మేడమీదనో కూర్చొని ఒకే ప్రసంగం వినేవారు. ఎపిస్కోపల్ సంఘంలో బిషప్పులు సైతం బానిసల యజమానులు. లూసియానా బిషప్పు లియోనిడాస్ పోక్ అంతర్యుద్ధం రాగానే దక్షిణాది సైన్యంలో జనరలై, 1864లో యుద్ధభూమిలోనే చనిపోయాడు. మాలపల్లి, మాదిగపల్లి ఊరికి ఏ దిక్కున ఉంటాయో చిన్నప్పుడే తెలుసుకున్న మనకు ఆ కూర్చునే వరుసల సంగతి వివరించనక్కరలేదు.

1839లో హయ్యర్ భార్య మేరీ చనిపోయింది. ఆ తరువాత లూథరన్ మిషనరీ సొసైటీ ఆయనను ఇండియాకు పిలిచింది. అన్ని సంఘాలకూ కలిపి పనిచేసే అమెరికన్ బోర్డు కిందికి పంపుతామన్నప్పుడు ఆయన ఒప్పుకోలేదు, పిలుపునే వదులుకున్నారు. చివరికి పెన్సిల్వేనియా లూథరన్ సినడ్ వారే ఆయనను పంపారు. 1841 అక్టోబరులో బోస్టన్‌లో ఓడ ఎక్కారు. పిల్లలు అక్కడే ఉండిపోయారు. ఈ వాక్యాన్ని మన సభల్లో త్యాగమనే ఒక్క మాటతో దాటేస్తారు. తల్లి పోయిన రెండేళ్ళకే తండ్రి సముద్రం దాటి వెళ్తే ఆ బిడ్డలకు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించకుండా ఆయన పరిచర్యను మెచ్చుకోవడం మాకు చేతకాదు.

కొలంబో, మద్రాసుల మీదుగా గుంటూరు చేరేసరికి ఆయనకు యాభయ్యో ఏడు వచ్చి మూడు వారాలు. అప్పటికి డొక్కల కరువు గడిచి తొమ్మిదేళ్ళే అయింది. 1833లో ఆ కరువు గుంటూరు జిల్లాను సగం ఖాళీ చేసినంత పని చేసింది. పాడుపడిన ఇళ్ళు, బీడుపడ్డ చేలు ఇంకా కనబడే కాలం. ఆయనను ఆదరించినది జిల్లా కలెక్టరు హెన్రీ స్టోక్స్. భక్తిగల ఆంగ్లికన్. ఇల్లు చూపాడు, బడి అప్పగించాడు, డబ్బు సాయం చేశాడు. కంపెనీ కలెక్టరు నీడలో సువార్త మన గుంటూరులో కాలు మోపిందన్నది నిజం, దాచవలసిన పని లేదు. శిస్తు వసూలు చేసే దొరకూ వాక్యం చెప్పే దొరకూ తేడా జనానికి తెలియడానికి ఎంతకాలం పట్టిందో! ఆ తేడా తెలిసినది కలెక్టరు బంగళా దగ్గర కాదని మా అభిప్రాయం.

హయ్యర్ బడులు పెట్టారు, ఆడపిల్లలకు కూడా. 1844లో వాల్టర్ గన్ దంపతులు సహాయానికి వచ్చారు. 1846లో ఆరోగ్యం చెడి హయ్యర్ అమెరికా వెళ్ళారు. విశ్రాంతి తీసుకోవలసిన మనిషి బాల్టిమోర్‌లో వైద్యం చదవడానికి కూర్చున్నారు. తన కొడుకు వయసు కుర్రాళ్ళతో కలిసి చదివి, యాభై దాటాక డాక్టర్ పట్టా పుచ్చుకొని, 1848లో తిరిగి గుంటూరు వచ్చారు.

వచ్చి గుంటూరులో ఆగలేదు. మరుసటి ఏడు పల్నాడు వెళ్ళి గురజాలలో కాపురం పెట్టారు. ఇప్పుడు బస్సు ఎక్కితే కొద్ది గంటల ప్రయాణం. అప్పుడు ఎడ్లబండి, గుర్రం, లేదా కాలినడక. నాపరాళ్ళ నేల, జొన్నన్నం, వేసవిలో నిప్పులు చెరిగే ఎండ, వానలు పడితే జ్వరాలు. శ్రీనాథుడి పేరున ఉన్న చాటువుల్లో ఆ సీమకు దక్కిన ఎగతాళి తెలుగువారందరికీ తెలుసు. గుంటూరులో బడి ఉంది, తోటి మిషనరీ ఉన్నాడు, మాట్లాడే దొరలున్నారు. గురజాలలో ఇవేవీ లేవు. అయినా గుంటూరు పట్నంలో ఏళ్ళ తరబడి కానిది పల్నాటి పల్లెల్లో జరిగింది. ఒకరిద్దరుగా కాక కుటుంబాలుగా జనం బాప్తిస్మానికి వచ్చారు. వచ్చినవారిలో ఎక్కువమంది ఊరి చివరి పేటలవారు. మందు ఇచ్చే చెయ్యే పుస్తకమూ పట్టుకొని తమ గుమ్మం దాకా రావడం వారికి కొత్త. ఆయనతోపాటు తిరిగిన తెలుగు ఉపదేశకులు, బడి పంతుళ్ళు లేకపోతే ఆయన మాట ఆ పేటల లోపలికి వెళ్ళేదే కాదు. పటాలు దొరలవే మిగిలాయి. నూటికి పైగా ఏళ్ళు గడిచాక కూడా పల్లె సంఘాన్ని నిలబెడుతున్నది ఆ పంతుళ్ళ వంటివారే. వారిలో చాలామందికి జీతం సరిగ్గా అందదు.

గన్ 1851లో క్షయతో గుంటూరులోనే కన్నుమూశారు. హయ్యర్ 1857లో అమెరికా వెళ్ళిపోయారు. అరవై నాలుగేళ్ళ వయసు. అక్కడా ఊరుకోలేదు. కొత్తగా జనం చేరుతున్న మిన్నెసోటాలో సంఘాలు కట్టారు, 1860లో ఏర్పడిన మిన్నెసోటా సినడ్‌కు మొదటి అధ్యక్షుడయ్యారు. మరుసటి ఏడు అంతర్యుద్ధం మొదలైంది. దక్షిణాది పత్తి ఆగిపోయి ఇంగ్లండు మిల్లులు మన దేశపు పత్తి కోసం చేతులు చాచాయి. అమెరికా లూథరన్ సంఘం కూడా ఉత్తర దక్షిణాలుగా చీలింది. గుంటూరు, రాజమండ్రి మిషన్లకు మనుషులూ లేరు, డబ్బూ లేదు.

1869లో రాజమండ్రి క్షేత్రాన్ని ఆంగ్లికన్లైన చర్చి మిషనరీ సొసైటీకి అప్పగించే ఏర్పాటు దాదాపు పూర్తయింది. ఆంగ్లికన్లు మన శత్రువులేమీ కారు, బందరులో, కృష్ణా తీరంలో వారు చేసిన సేవ గొప్పది. హయ్యర్ బాధ వేరు. ఒకసారి చేతబట్టిన నాగలిని మనుషులు లేరనే సాకుతో వదిలేయడం ఆయనకు మింగుడుపడలేదు. పెన్సిల్వేనియాలోని రీడింగ్ పట్టణంలో సినడ్ కూడినప్పుడు ఆయన లేచి, ఎవరూ లేకపోతే తాను వెళ్తానన్నారు. ఎప్పుడు బయలుదేరగలరని అడిగితే చేతిలోని ప్రయాణపు సంచి చూపించి ఇప్పుడే అన్నారట. అప్పటికి ఆయనకు డెబ్బై ఆరు నిండబోతోంది. ఎనభై అయిదేళ్ళ కాలేబు యెహోషువ ముందు నిలబడి కొండ సీమను అడిగిన ఘట్టం ఆ సభలో ఎంతమందికి గుర్తొచ్చిందో.

ఆ సంవత్సరం చివరకు రాజమండ్రి చేరారు. పని నెట్టుకొచ్చి, తరువాత వచ్చిన ష్మిట్ వంటి యువకులకు దాన్ని అప్పగించి, 1871లో మూడోసారి, చివరిసారి తెలుగు నేల విడిచారు. ఫిలడెల్ఫియా సెమినరీలో విద్యార్థుల మధ్య చాప్లెయిన్‌గా ఉంటూ 1873 నవంబరు 7న ప్రభువునందు నిద్రించారు. పెన్సిల్వేనియాలో తాను యువకుడిగా గుర్రం మీద తిరిగిన సోమర్సెట్ ప్రాంతంలోనే, ముప్పై నాలుగేళ్ళ క్రితం సమాధి చేసిన మేరీ పక్కన, ఆయనను పాతిపెట్టారు.