డీజిల్ అంటే ఇంధనం కాదు.. ఓ మనిషి పేరు! ఓడెక్కి మాయమైపోయిన ఇంజనీర్ కథ ఇదీ

డీజిల్ ఎస్‌యూవీ కొనాలంటే ఇప్పుడు చిన్న విషయం కాదు. టాప్ మోడల్ అయితే నలభై, యాభై లక్షలు చేతిలో ఉండాలి. లేదంటే లోన్. అంత పెట్టలేనివాళ్లు సెకండ్ హ్యాండ్ మార్కెట్ వైపు చూస్తారు. కొత్తదైనా, పాతదైనా పెట్రోల్ ట్యాంక్ మూత మీద డీజిల్ అనే మాట మాత్రం కనిపించాల్సిందే. అది ఒక మనిషి ఇంటిపేరు. ఆ మనిషి జీవితంలో డీజిల్‌తో నడిచే కారును ఒక్కసారి కూడా చూడలేదు. పైగా అప్పుల్లో మునిగి, 55 ఏళ్ల వయసులో, నడిసముద్రంలో మాయమైపోయారు.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టారు. తల్లిదండ్రులు జర్మనీలోని బవేరియా నుంచి బతుకుదెరువు కోసం వెళ్లినవాళ్లు. తండ్రి తోలు వస్తువులు చేసి అమ్మేవారు. 1870లో ఫ్రాన్స్, ప్రష్యా మధ్య యుద్ధం రావడంతో జర్మన్ కుటుంబాలు పారిస్ వదిలి పోవాల్సి వచ్చింది. వీళ్లూ కట్టుబట్టలతో లండన్ చేరారు. అక్కడ పూట గడవడమే కష్టం. దీంతో 12 ఏళ్ల రుడాల్ఫ్‌ను జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఉన్న బంధువుల ఇంటికి పంపేశారు. ఇంటాయన లెక్కల మాస్టారు. కుర్రాడి దశ తిరిగింది అక్కడే. 14 ఏళ్లకే తాను ఇంజనీర్ అవుతానని ఇంటికి ఉత్తరం రాశారు. తర్వాత మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో సీటు. ఫైనల్ పరీక్షల టైంలో టైఫాయిడ్ వచ్చి ఆగిపోయినా, 1880లో టాప్ మార్కులతో బయటకొచ్చారు.

మ్యూనిక్‌లో ఆయన గురువు కార్ల్ వాన్ లిండే. కృత్రిమంగా చల్లదనం తయారుచేసే యంత్రాలతో పేరు తెచ్చుకున్న పెద్దమనిషి. శిష్యుడిని పారిస్‌లోని ఐస్ ప్లాంట్‌లో పెట్టారు. మంచి ఉద్యోగమే. 1883లో మార్తాతో పెళ్లయింది, ముగ్గురు పిల్లలు పుట్టారు. అయితే రుడాల్ఫ్ మనసు ఐస్ మీద లేదు. ఆవిరి ఇంజిన్లు బొగ్గును తింటున్నాయి తప్ప పని చేయట్లేదన్నది ఆయన బాధ. అందులో నిజం ఉంది. ఆ రోజుల్లో బొగ్గులోని శక్తిలో 90 శాతం దాకా వృథాగా పోయేది. అమ్మోనియా ఆవిరితో నడిచే ఇంజిన్ కోసం ప్రయత్నించారు. ఓసారి అది పేలింది. ప్రాణం పోవాల్సింది, నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డారు.

ఆ తర్వాత వచ్చిందే అసలు ఐడియా. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు కింది భాగం పట్టుకుంటే చెయ్యి కాలుతుంది కదా.. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. బాగా గట్టిగా నొక్కితే ఇంధనం అంటుకునేంత వేడి వస్తుంది. ఇక నిప్పురవ్వ ఎందుకు? స్పార్క్ ప్లగ్ లేకుండానే మండిపోతుంది. ఈ ఆలోచనకు 1892లో పేటెంట్ అడిగారు, 1893లో వచ్చింది. ఆగ్స్‌బర్గ్ మెషిన్ ఫ్యాక్టరీ, క్రుప్ కంపెనీ పెట్టుబడికి ముందుకొచ్చాయి.

కాగితం మీద తేలిగ్గా ఉన్నది ఇనుములో తేలిగ్గా లేదు. 1893 ఆగస్టులో తొలి పరీక్ష జరిగితే, ఒత్తిడి కొలిచే పరికరమే పేలిపోయింది. ఇంజిన్ సొంతంగా తిరగలేదు. 1894 ఫిబ్రవరి 17న తొలిసారి తనంతట తాను తిరిగింది.. అదీ ఓ నిమిషం పాటు. మరో మూడేళ్లు కష్టపడ్డాక, 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ ష్రోటర్ ఆధ్వర్యంలో అధికారికంగా పరీక్షించారు. 20 హార్స్‌పవర్ ఇంజిన్. దాదాపు మూడు మీటర్ల ఎత్తు, మనిషి పక్కన నిలబడితే పిల్లాడిలా కనిపిస్తాడు. ఇంధనంలోని శక్తిలో 26.2 శాతాన్ని పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి ఇంజిన్లతో పోలిస్తే రెండింతలు మించిన లెక్క.

ఇక డబ్బు వరద మొదలైంది. దేశదేశాల కంపెనీలు లైసెన్సుల కోసం క్యూ కట్టాయి. అమెరికా హక్కుల కోసం బీర్ వ్యాపారి అడాల్ఫస్ బుష్ ఏకంగా 10 లక్షల మార్కులు ఇచ్చారు. నలభై ఏళ్లకే రుడాల్ఫ్ కోటీశ్వరుడు. మ్యూనిక్‌లో రాజభవనం లాంటి ఇల్లు కట్టించారు.

కానీ కొన్నవాళ్ల పరిస్థితి వేరు. కొత్త మోడల్ మొదటి బ్యాచ్ కొంటే ఏమవుతుందో వాళ్లకు అప్పుడే తెలిసొచ్చింది. కెంప్టెన్‌లోని ఓ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ 1898లో ఇంజిన్ పెట్టించుకుంటే, దానికి రిపేర్ల మీద రిపేర్లు. వేరేచోట్ల నుంచి ఇంజిన్లు తిరిగి వచ్చాయి. పేటెంట్‌లో రాసిందొకటి, తయారైందొకటి అంటూ ప్రత్యర్థులు కోర్టుకెక్కారు. రుడాల్ఫ్‌కు విపరీతమైన తలనొప్పులు, నిద్రలేమి. వీటికి తోడు భూములు, ఆయిల్ వ్యాపారాల్లో పెట్టిన డబ్బు మునిగిపోయింది. ఇంజిన్ లెక్కల్లో మేధావే, సొంత లెక్కల్లో మాత్రం బోల్తా పడ్డారు. ఆ సంగతి భార్యకు కూడా పూర్తిగా చెప్పలేదు.

విచిత్రం ఏంటంటే ఇంజిన్ మాత్రం దూసుకుపోతోంది. 1900 పారిస్ ఎగ్జిబిషన్‌లో డీజిల్ ఇంజిన్‌కు గ్రాండ్ ప్రి దక్కింది. అక్కడే ఓ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. 1912లో సెలాండియా అనే డెన్మార్క్ ఓడ డీజిల్ ఇంజిన్లతో బ్యాంకాక్ దాకా వెళ్లింది.

1913 సెప్టెంబర్ 29. లండన్‌లో కంపెనీ మీటింగ్ కోసం ఆంట్వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కారు. ఇద్దరు సహచరులతో కలిసి డిన్నర్ చేశారు. రాత్రి 10 గంటలకు తన క్యాబిన్‌కు వెళ్తూ పొద్దున్నే ఆరుంపావుకు లేపమని చెప్పారు. తెల్లారి చూస్తే క్యాబిన్ ఖాళీ. పక్క నలగలేదు. రాత్రి వేసుకునే బట్టలు మడత పెట్టినట్టే ఉన్నాయి. ఓడ వెనుక రెయిలింగ్ దగ్గర టోపీ, కోటు దొరికాయి. డైరీలో ఆ తేదీ దగ్గర చిన్న శిలువ గుర్తు.

పది రోజుల తర్వాత ఓ డచ్ పడవ వాళ్లకు సముద్రంలో మృతదేహం కనిపించింది. జేబుల్లోని వస్తువులు తీసుకుని దేహాన్ని మళ్లీ నీళ్లలోకే వదిలేశారు. కళ్లజోడు పెట్టె, చిన్న కత్తి, పర్సు.. అవి నాన్నవేనని కొడుకు ఆయిగెన్ గుర్తుపట్టారు. ఆయిల్ కంపెనీలు చంపించాయని, జలాంతర్గాముల రహస్యాలు బ్రిటన్‌కు అమ్ముతారని జర్మనీయే చంపించిందని రకరకాల పుకార్లు వచ్చాయి. దేనికీ రుజువు లేదు. అప్పులు మాత్రం నిజం. బ్యాంకు ఖాతాలు ఖాళీ.

మరి కారులోకి డీజిల్ ఎలా వచ్చింది? సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ చూడటానికి వెళ్లినప్పుడు తెలిసిన మెకానిక్ ఎవరైనా ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంపు గురించి ముందు ఆరా తీస్తాడు. అవి పోతే బిల్లు అలా ఉంటుంది మరి. రుడాల్ఫ్ దగ్గర లేనిది సరిగ్గా అదే. ఇంధనాన్ని సిలిండర్‌లోకి కొట్టడానికి ఆయన పెద్ద ఎయిర్ కంప్రెసర్ వాడారు. ఆ బరువుతో కారు కదలదు. రాబర్ట్ బాష్ కంపెనీ 1927లో చిన్న ఇంజెక్షన్ పంపు మార్కెట్లోకి తెచ్చాక లైన్ క్లియర్ అయింది. 1936 బెర్లిన్ మోటార్ షోలో మెర్సిడెస్ బెంజ్ తన 260 డి మోడల్‌ను చూపించింది. స్పీడ్ తక్కువే అయినా ఇంధనం ఆదా కావడంతో ట్యాక్సీవాళ్లు ఇష్టపడి కొన్నారు. రుడాల్ఫ్ పోయి అప్పటికి 23 ఏళ్లు. ఆ మరుసటి ఏడాదే, 1937లో ఆయిగెన్ తండ్రి జీవితచరిత్ర పుస్తకంగా వచ్చింది.