అచ్చయిన పుస్తకాన్ని తిరగరాసిన గురజాడ

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని కార్యదర్శిగారు కోరగా, నేను గురజాడ అప్పారావుగారిని ఎంచుకున్నాను. కచేరీలో కలం పట్టినవారు కనుక మనకు ఆయన కొంత దగ్గరివారు.

గురజాడవారు 1862లో విశాఖపట్నం జిల్లా రాయవరంలో జన్మించారు. విజయనగరంలో చదువుకుని, 1884లో అక్కడే నెలకు 25 రూపాయల జీతానికి ఉపాధ్యాయులయ్యారు. 1886లో బి.ఏ. పూర్తిచేసి, కొంతకాలం డిప్యూటీ కలెక్టరు కచేరీలో హెడ్ క్లర్కుగా పనిచేశారు. 1887లో మహారాజా కళాశాలలో అధ్యాపకులుగా చేరారు.

మొదట్లో ఆయన రాసింది ఇంగ్లీషులో. 1883 నాటి సారంగధర కావ్యాన్ని చూసి కలకత్తా పత్రికా సంపాదకులు శంభుచంద్ర ముఖర్జీగారు ఎంతో మెచ్చుకున్నారు. అయితే పరాయి భాషలో ఎంత చక్కగా రాసినా రావలసినంత పేరు రాదనీ, సొంత భాషలో రాయమనీ హితవు చెప్పారు. మెప్పును తీసుకుని హితవును వదిలేసేవారే లోకంలో ఎక్కువ. గురజాడవారు రెండూ తీసుకున్నారు.

ఆ రోజుల్లో పసిపిల్లలను డబ్బుకు ముసలివాళ్లకు కట్టబెట్టే దురాచారం ఉండేది. విజయనగరం ప్రభువు ఆనంద గజపతివారు అటువంటి పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. మూడేళ్లలో లెక్కకు వచ్చినవే 1034. అందులో 99 మంది పిల్లల వయసు ఐదేళ్లు. అంతకన్నా చిన్నవాళ్లూ ఉన్నారు. జాబితాలు రాయడం మనందరికీ అలవాటే కానీ, ఆ జాబితాలోని ఒక్కొక్క అంకె వెనుక ఒక ఆడపిల్ల బతుకు ఉంది. ఆ బతుకులను గురజాడవారు కన్యాశుల్కం నాటకంగా మలిచారు. అది 1892లో రంగస్థలం ఎక్కింది. 1897లో అచ్చయింది.

మేము సర్వీసులో చేరిన కొత్తలో ముసాయిదా రాసి పైకి పంపితే, పై అధికారి దిద్ది పంపేవారు. సాఫీ ప్రతి మీద సంతకం పడి, డిస్పాచ్ నంబరు వేశాక ఆ కాగితం జోలికి ఎవరూ పోయేవారు కారు. గురజాడవారు మాత్రం అచ్చయిపోయి, జనం మెచ్చిన పుస్తకాన్ని మళ్లీ ముసాయిదాగానే చూశారు. పైనుంచి దిద్దమన్న అధికారి ఎవరూ లేరు. తనకు తానే అధికారి.

ఆ పనికి తీరికేమైనా దొరికిందా అంటే, అదీ లేదు. 1897లోనే ఆనంద గజపతివారు గతించారు. తరువాత ఆయన సోదరి రీవా మహారాణివారికి ఆంతరంగిక కార్యదర్శిగా సంస్థానం వ్యవహారాలు, వారసత్వ వ్యాజ్యం పనులు గురజాడవారి మీద పడ్డాయి. ఆరోగ్యం అంతంతమాత్రం. అయినా డైరీ రాయడం, చదివినదాని మీద అభిప్రాయాలు రాసుకోవడం, మిత్రులతో ఉత్తరాల్లో చర్చించడం ఆయన అలవాట్లు.

1909లో రెండవ కన్యాశుల్కం వెలువడింది. పేరు పాతదే గానీ అది దాదాపు కొత్త నాటకం. అంకాలు ఐదు నుంచి ఏడయ్యాయి. మొదటిదానిలో చిన్నపాత్ర అయిన మధురవాణి రెండవదానిలో కథను నడిపించే మనిషిగా ఎదిగింది. నాటకం ఎంత పెద్దదయిందంటే మొత్తం ఆడాలంటే రాత్రంతా పడుతుంది. అందుకే కుదించి ఆడతారు. నవలలాగా కూర్చుని చదువుకునేవారూ ఉన్నారు. ఈనాడు మనం కన్యాశుల్కం అంటున్నది ఈ రెండవదాన్నే. మొదటిదాన్ని 1969లో బంగోరెగారు మళ్లీ అచ్చు వేయించినందువల్ల, రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒక రచయిత తన్ను తాను ఎలా దిద్దుకున్నాడో చూడగలుగుతున్నాం.

అలా దిద్దుకునే తత్వానికి మూల్యం కూడా ఉంది. కొండుభట్టీయం, బిల్హణీయం నాటకాలు పూర్తికాకుండానే మిగిలిపోయాయి. 1910లో ముత్యాల సరాలు, కథానిక దిద్దుబాటు వెలువడ్డాయి. ఆ కథకు ఆ పేరు ఎంత చక్కగా కుదిరిందో!

1913లో ఆయన పదవీ విరమణ చేశారు. విశ్రాంతి మాత్రం తీసుకోలేదు. విద్యార్థులు వాడుక భాషలో రాయడానికి వీలుండాలని వాదిస్తూ, 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి సుదీర్ఘమైన అసమ్మతి పత్రం సమర్పించారు. ఆనాడు వాదం నెగ్గలేదు. 1915 నవంబరు 30న కన్నుమూశారు. చిన్ననాటి మిత్రులు గిడుగు రామమూర్తిగారు ఆ ఉద్యమాన్ని కొనసాగించారు. కన్నడం, మరాఠీ, ఉర్దూ కలిసిన తెలుగు మాట్లాడుకునే మా కల్హేర్ వాణ్ని ఈ నాలుగు ముక్కలు ఇలా రాయగలుగుతున్నానంటే అది వారి చలవే.

మన సభ్యుల్లో అనుభవాలు రాసిపెట్టుకున్నవారు చాలామంది ఉన్నారు. ఒకసారి రాసి బీరువాలో పెట్టిన ఆ నోటు పుస్తకాలను బయటికి తీయవలసిందిగా మనవి. ఒక మిత్రునికి చదివి వినిపించండి, ఆయన చెప్పింది వినండి, మళ్లీ రాయండి. 47 ఏళ్ల వయసులో, అనారోగ్యంతో, తీరిక లేని ఉద్యోగంలో గురజాడవారు చేసిన పనికి మనకు తీరిక లేదనడం సబబు కాదు.