మొదటి నిమిషంలో మార్కులు వేసిన డాక్టరమ్మ

ఒకటో తరగతిలో చేర్పించడానికి వచ్చినప్పుడు కొందరు తల్లిదండ్రులు పుట్టిన తేదీ సర్టిఫికెట్టుతో పాటు ఆసుపత్రి కాగితాల కట్ట మొత్తం తెచ్చి మా బల్ల మీద పెడతారు. అందులో డిశ్చార్జి చీటీ మీద, కాన్పు వివరాల కింద, ఆప్గార్ అని ఇంగ్లీషులో రాసి పక్కన 7/10, 9/10 అని రెండు అంకెలుంటాయి. ధర్మపురి అయినా, పెన్నాగరం అయినా, హోసూరు అయినా అదే రాత. మా బిడ్డకు పుట్టగానే మార్కులు తగ్గాయా అని అడిగినవాళ్లున్నారు. పిల్లవాడు చదువులో వెనకబడితే ఆ ఏడే కారణమేమో అని మనసులో పెట్టుకుని కుమిలే తల్లులూ ఉన్నారు. ఆప్గార్ అన్నది జబ్బు పేరు కాదు, మందు పేరు కాదు, ఒక డాక్టరమ్మ ఇంటిపేరు. ఆమె కథ తెలిస్తే ఆ అంకె ఎవరి కోసం పుట్టిందో తెలుస్తుంది.

వర్జీనియా ఆప్గార్ 1909 జూన్ 7న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, వెస్ట్‌ఫీల్డ్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి ఉద్యోగం చేస్తూనే ఖాళీ వేళల్లో నక్షత్రాలు చూడటం, ఏవో పరికరాలు తయారుచేయటం చేసేవాడు. ఇంటిల్లిపాదికీ సంగీతం ఇష్టం. ఆమె అన్నల్లో ఒకరు చిన్నతనంలోనే క్షయతో పోయారు, మరొకరిని జబ్బు వదల్లేదు. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల డాక్టరు చదవాలనుకోవడంలో వింత లేదు. మౌంట్ హోల్యోక్ కాలేజీలో చదువుతూ ఖర్చుల కోసం ఎన్నో పనులు చేశారు. జంతుశాస్త్ర ప్రయోగశాలకు పిల్లుల్ని పట్టి ఇవ్వడం అందులో ఒకటి. 1929లో న్యూయార్కులోని కొలంబియా వైద్య కళాశాలలో చేరారు. అదే ఏడు అమెరికా షేర్ మార్కెట్ కూలింది. 1933లో పట్టా చేతికొచ్చేసరికి నెత్తిన అప్పు కూడా ఉంది.

ఆమె కోరిక సర్జన్ కావాలని. చేతిలో పనితనం ఉంది. కాని ఆ శాఖ పెద్ద అలెన్ విపుల్ ఆమెను మత్తుమందు విభాగం వైపు మళ్లించారు. ఆడ సర్జన్ల దగ్గరికి రోగులు రాక, బతుకుతెరువు సాగక ఇబ్బంది పడ్డవాళ్లను ఆయన అప్పటికే చూసి ఉన్నారు. అదీగాక మత్తుమందు ఇవ్వడంలో తెలివైన డాక్టర్లు లేకపోతే శస్త్రచికిత్స ముందుకు పోదని కూడా ఆయనకు తెలుసు. సలహా మంచిదే అయినా, మగవాడికైతే ఆ మాట చెప్పేవారా అని మాకు అనిపిస్తుంది.

అప్పట్లో అమెరికాలో మత్తు ఇచ్చే పని ఎక్కువగా నర్సులది. డాక్టర్లకు దాని మీద చిన్నచూపు. ఆప్గార్ తమ ఆసుపత్రిలోనే నర్సుల పక్కన కూర్చుని దాదాపు ఏడాదిపాటు ఆ పని నేర్చుకున్నారు. తర్వాత మాడిసన్‌లో రాల్ఫ్ వాటర్స్ దగ్గర ఆరు నెలలు, న్యూయార్కు బెల్‌వ్యూ ఆసుపత్రిలో రోవెన్‌స్టైన్ దగ్గర మరికొంత కాలం నేర్చి, 1938లో కొలంబియాకు తిరిగి వచ్చి మత్తుమందు విభాగానికి అధిపతి అయ్యారు. పట్టా ఉన్న డాక్టరు నర్సుల దగ్గర శిష్యరికం చేయడం చిన్న సంగతిగా కనిపిస్తుంది. కాని పదిహేనేళ్ల తర్వాత ఆమె తయారుచేసిన పట్టికను ఏ నర్సమ్మ అయినా వాడగలగడానికి మూలం అక్కడే ఉందని మేము అనుకుంటున్నాం.

1949లో ఆ విభాగం పెద్దదయింది. పెత్తనం వేరొకరికి వెళ్లింది, ఆమెకు ప్రొఫెసర్ హోదా దక్కింది. ఆ కళాశాలలో పూర్తి ప్రొఫెసర్ అయిన మొదటి మహిళ ఆమే. పరిపాలన బరువు దిగాక పక్కనే ఉన్న స్లోన్ ఆసుపత్రిలోని కాన్పు గదికి వెళ్లారు. అక్కడ ఆమె కంటపడింది తల్లి కాదు, బిడ్డ.

అప్పటి కాన్పు గదిలో అందరి చూపూ తల్లి మీదే. బిడ్డ ఏడిస్తే సరే. ఏడవకపోతే తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచేవారు ఒకరు, ఇంకేదో చేసేవారు మరొకరు. నీలంగా, చప్పుడు లేకుండా పుట్టిన బిడ్డను చచ్చిపుట్టిందని రాసి పక్కన పెట్టేయడమూ ఉండేది. మన ఊళ్లలో మంత్రసానులు మొహాన చన్నీళ్లు చల్లినట్టే అక్కడ పెద్ద ఆసుపత్రుల్లోనూ ఎవరి పద్ధతి వారిది. ఏడాదిలోపు పిల్లల మరణాలు ఆ దేశంలో తగ్గుతూ వచ్చినా, పుట్టిన మొదటి రోజు మరణాలు మాత్రం అంతగా కదల్లేదు.

ఒక రోజు ఆసుపత్రి క్యాంటీన్‌లో ఒక విద్యార్థి, పుట్టిన బిడ్డ స్థితిని ఎలా అంచనా వేయాలని ఆమెను అడిగాడట. ఆమె అందిన కాగితం మీద ఐదు గుర్తులు రాసి ఇచ్చి, వెంటనే కాన్పు గదికి వెళ్లి వాటిని పరీక్షించడం మొదలుపెట్టారట. 1952లో ఆ పద్ధతిని డాక్టర్ల సభ ముందు పెట్టారు, 1953లో అది పత్రికలో అచ్చయింది.

ఆ ఐదు ఇవి: గుండె కొట్టుకునే వేగం, ఊపిరి, కాళ్లూ చేతుల బిగువు, కదిలించినప్పుడు ముఖం చిట్లించి స్పందించడం, ఒంటి రంగు. ఒక్కోదానికి సున్నా, ఒకటి లేదా రెండు. గుండె నిమిషానికి వందకు మించి కొట్టుకుంటే రెండు, వందలోపు అయితే ఒకటి, అసలు లేకపోతే సున్నా. గట్టిగా ఏడిస్తే రెండు, ఊపిరి నెమ్మదిగా, తెంపుతెంపుగా ఉంటే ఒకటి. ఒళ్లంతా గులాబీ రంగు తిరిగితే రెండు, ఒళ్లు బాగుండి అరచేతులు, పాదాలు నీలంగా ఉంటే ఒకటి. ఈ చివరిది తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి. పుట్టిన నిమిషానికి చేతులూ పాదాలూ నీలంగా ఉండటం మామూలే. అందుకే ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు కూడా మొదటి నిమిషంలో పదికి పది రావడం అరుదు. మనవాళ్ల చామనఛాయ ఒంటి మీద రంగు తెలియకపోతే పెదవులు, నాలుక చూస్తారు.

ఇందులో యంత్రం లేదు, రక్త పరీక్ష లేదు. కళ్లు, చెవులు, ఒక గడియారం చాలు. ఒక నిమిషానికి ఎవరో ఒకరు బిడ్డ వైపు తిరిగి చూసి తీరాలి, చూసింది రాసి తీరాలి. ఇంతకు ముందు ఆ ఎవరో ఒకరు అనే మనిషే లేడు.

కాన్పు చేసిన మనిషే మార్కులు వేయకూడదని, పక్కనున్న మరొకరు వేయాలని కూడా ఆమె అనుభవం మీద చెప్పారు. తన చేతి మీద పుట్టిన బిడ్డకు ఒకటి రెండు ఎక్కువ వేయడం మనుషుల గుణం. పబ్లిక్ పరీక్షకు వేరే బడి నుంచి ఇన్విజిలేటరు ఎందుకు వస్తాడో తెలిసిన మనకు దీన్ని వివరించనక్కర్లేదు.

ఆ మార్కులు మొదట ఆమెనే పరీక్షించాయి. స్టాన్లీ జేమ్స్, డంకన్ హాలడే అనే సహచరులు బిడ్డల రక్తంలో ప్రాణవాయువు, ఆమ్లం కొలిచారు. తక్కువ మార్కులు వచ్చిన బిడ్డల రక్తంలో ప్రాణవాయువు తక్కువగా, ఆమ్లం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. తల్లికి సైక్లోప్రొపేన్ అనే మత్తు వాయువు ఇస్తే బిడ్డ మందకొడిగా పుడుతోందని కూడా బయటపడింది. అది ఆమెకు ఎంతో ఇష్టమైన మందు. లెక్కలు చూశాక కాన్పుల్లో దాన్ని వదిలేశారు. మార్కులు తక్కువ వస్తే పిల్లవాణ్ణి తిట్టే ముందు మన పాఠాన్ని చూసుకోవడం లాంటిది అది. ఎంతమందిమి చేస్తున్నాం?

తర్వాత పన్నెండు సంస్థలు కలిసి 17,221 మంది పిల్లల మీద చేసిన పరిశీలనలో ఐదో నిమిషపు అంకె మరింత ఉపయోగమని తేలింది. మన చీటీల మీద రెండు అంకెలుండటానికి కారణం అదే. 7 తర్వాత 9 ఉంటే, బిడ్డ స్థితి మెరుగుపడిందని అర్థం. పెద్దయ్యాక బిడ్డ తెలివిని ఆ అంకె చెప్పదు. అందుకు వాడకూడదని వైద్య సంఘాలే స్పష్టం చేశాయి. 1960ల మొదట్లో జోసెఫ్ బటర్‌ఫీల్డ్ అనే పిల్లల డాక్టరు ఆమె పేరులోని ఐదు ఇంగ్లీషు అక్షరాలకు ఐదు గుర్తులు అతికేలా ఒక కిటుకు ప్రచారంలోకి తెచ్చారు. ఆప్గార్ అంటే ఒక మనిషి అని తెలియకుండా నేర్చుకునే విద్యార్థులు అప్పటినుంచీ ఉన్నారు.

మిగతా జీవితం వేగంగా సాగింది. 1959లో, యాభై ఏళ్ల వయసులో, జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదివి, మార్చ్ ఆఫ్ డైమ్స్ సంస్థలో చేరి, పుట్టుకతో వచ్చే లోపాల గురించి ఊరూరా తిరిగి చెప్పారు. వయొలిన్, చెల్లో వాయించడమే కాదు, స్వయంగా తయారుచేశారు. ఆసుపత్రి టెలిఫోను గదిలోని మంచి మేపుల్ చెక్క పలకను స్నేహితురాలితో కలిసి రాత్రివేళ ఊడదీసి, బదులుగా వేరే చెక్క పెట్టి వచ్చిన కథ కూడా ఉంది. దారిలో ఎవరికైనా ఊపిరి ఆగితే పనికొస్తాయని పర్సులో చాకు, గొంతులో పెట్టే గొట్టం ఉంచుకునేవారు. 1974 ఆగస్టు 7న కన్నుమూశారు. 1994లో అమెరికా ఆమె పేర తపాలా బిళ్ల వేసింది.

ఆమె అంకెకు ఒక హద్దు ఉంది. ఊపిరి తీసుకోని బిడ్డకు మార్కులు వేసేదాకా ఆగకూడదు. సాయం ఆ మొదటి నిమిషంలోపే మొదలవ్వాలి. పొడిగుడ్డతో తుడిచి వెచ్చగా ఉంచడం, తల సరిగ్గా పెట్టి నోరు, ముక్కు అడ్డం లేకుండా చూడటం, వీపు రుద్దడం, అయినా ఊపిరి రాకపోతే మాస్కు పెట్టి అంబు బ్యాగు నొక్కడం. పదిమంది పిల్లల్లో దాదాపు ఒకరికి ఊపిరి మొదలవ్వడానికి ఏదో ఒక సాయం కావాలి. మందులు, పెద్ద పరికరాలు కావలసినవాళ్లు నూటికి ఒక్కరు కూడా ఉండరు. అంటే ఎక్కువ ప్రాణాలు నర్సు చేతిలోనే ఉన్నాయి.

మన దేశంలో 2009లో నవజాత శిశు సురక్షా కార్యక్రమం పేరుతో కాన్పులు చేసే సిబ్బందికి రెండు రోజుల శిక్షణ మొదలైంది. పొరుగున కర్ణాటకలో బెళగావి ప్రాంతంలో దాదాపు 600 మంది కాన్పు సిబ్బందికి ఇలాంటిదే నేర్పినప్పుడు, చచ్చిపుట్టినట్టు నమోదయ్యే బిడ్డల సంఖ్య తగ్గింది. కాని టాంజానియాలోని హైడమ్ ఆసుపత్రి అనుభవం ఉపాధ్యాయులు వినదగ్గది. అక్కడ ఒక్కరోజు శిక్షణ ఇచ్చాక, నెలల తర్వాత పరీక్ష పెడితే బొమ్మ మీద అందరూ బాగా చేశారు. కాన్పు గదిలో నిజమైన బిడ్డ దగ్గర మాత్రం మార్పు కనిపించలేదు. తర్వాత పని చోటే బొమ్మ పెట్టి, వారంవారం కొద్ది నిమిషాలు అభ్యాసం చేయించారు. అప్పుడు మొదటి రోజు మరణాలు తగ్గాయి. ఎక్కాలు ఒక్కరోజు వల్లె వేయించి వదిలేస్తే ఏమవుతుందో మనకు తెలుసు. అంబు బ్యాగూ అంతే.

ఈ మాట మన జిల్లాకు దూరపు సంగతి కాదు. 2014 నవంబరులో ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో కొద్ది రోజుల్లోనే పదిమందికి పైగా పసికందులు చనిపోయినప్పుడు, తక్కువ బరువుతో పాటు పుట్టినప్పుడు ఊపిరి అందకపోవడం కూడా కారణాల్లో వినిపించింది.

మన తెలుగు బడుల్లో చదివి నర్సింగుకు వెళ్లే ఆడపిల్లలున్నారు. పాఠం ఇంగ్లీషులో, వార్డులో మాట తమిళంలో, నొప్పులు పడే తల్లి అరుపు ఒక్కోసారి తెలుగులో. వాళ్లకు ఐదు వేళ్ల మీద ఊపిరి, గుండె, బిగువు, స్పందన, రంగు అని ముందే చెప్పి పంపితే ఇంగ్లీషు కిటుకు తర్వాత సులువుగా ఎక్కుతుంది. ఇక కాన్పుకు వెళ్లే ఇంటివాళ్లు, తలుపు మూసుకోకముందే నర్సమ్మను మర్యాదగా ఒక్కటి అడగవచ్చు: పుట్టగానే బిడ్డను చూసుకునేది ఎవరమ్మా అని. ఆ మనిషి ఎవరో ముందే తేలి ఉండాలి. పసిబిడ్డ ముఖానికి సరిపోయే మాస్కు ఆ మనిషి చేతికి అందేంత దగ్గరలో ఉండాలి.