ఫుట్‌బాల్ ఉస్తాద్ మర్‌హూమ్ రహీం సాహెబ్

మర్‌హూమ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. వృత్తి ఉపాధ్యాయత్వం. యవ్వనంలో ఆయన కూడా మంచి ఆటగాడే గాని, ఆడినవాడిగా కంటే ఆడించినవాడిగానే చరిత్రలో నిలిచారు.

2024లో ఆయన జీవితంపై ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చినప్పుడు మా వైరాలో కుర్రవాళ్లు ఈ రహీం ఎవరని మమ్మల్ని అడిగారు. వాళ్ల తాతల ముందు ఆ ప్రశ్న వేసి ఉంటే పెద్ద తగాదా అయ్యేది. ఆ తరం వారికి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు అంటే ఇంటి జట్టే. జుమా నమాజు తరువాత మసీదు అరుగు మీద కూర్చుని రోవర్స్ కప్పు గురించి ఉర్దూలో గంటల తరబడి మాట్లాడుకునే పెద్దలను మేము చిన్ననాట చూశాము.

ఆ అభిమానానికి కారణం లేకపోలేదు. 1950లో రహీం సాహెబ్ ఆ పోలీసు జట్టు బాధ్యత తీసుకున్నారు. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు హైదరాబాద్‌కే వచ్చింది. కలకత్తా జట్లే గొప్పవని లోకం అనుకుంటున్న రోజులవి.

ఆయన శిక్షణ పద్ధతి ఒక మంచి ఉస్తాద్ పద్ధతే. బంతిని కాలికి అంటించుకుని ఒక్కడే పరుగెత్తడం ఆయనకు నచ్చేది కాదు. అందుకని అలా పరుగెత్తడాన్నే నిషేధించి పోటీలు పెట్టారు. బంతి అందిన వెంటనే తోటివానికి ఇవ్వాలి. ఎడమ కాలు బలహీనమైన వారికి ఆ కాలుతోనే సాధన చేయించారు. సికింద్రాబాద్ పేద కుటుంబం నుండి వచ్చిన తులసీదాస్ బలరాంకు మైదానం చేరడానికి సైకిలు అద్దె కూడా ఉండేది కాదు. ఆ అద్దె డబ్బులు రహీం సాహెబ్ ఇచ్చారని బలరాం గారే తరువాత చెప్పుకున్నారు. బలరాం గారు 2023లో మరణించారు.

జాతీయ జట్టు శిక్షకుడిగా ఆయన 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించారు. మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఘోర పరాభవం. మనవారిలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. 1956లో మెల్‌బోర్న్‌లో అదే జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ ఇప్పటిదాకా అంత దూరం మళ్లీ వెళ్లలేదు.

ఇక 1962 జకార్తా సంగతి. రహీం సాహెబ్ అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. ఇజ్రాయెల్, తైవాన్‌లకు ప్రవేశం నిరాకరించిన విషయంలో భారత ప్రతినిధి మాట్లాడిన మాటల వల్ల అక్కడి ప్రేక్షకులు మనవారిపై ఆగ్రహంతో ఉన్నారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. థాయ్‌లాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. వెనుక వరుసలో ఆడే ఆ జర్నైల్ సింగ్‌ను, తలకు కట్టుతోనే, రహీం సాహెబ్ సెమీఫైనల్ నుండి ముందు వరుసలోకి పంపారు. చాలామందికి అది పిచ్చి పని అనిపించి ఉంటుంది. కాని ఆయన రెండు ఆటల్లోనూ గోలు కొట్టారు. జ్వరంతో ఉన్న తంగరాజ్‌ను ఫైనల్‌లో గోల్‌కీపరుగా నిలబెట్టారు. మన బలరాం, యూసుఫ్ ఖాన్ కూడా ఆ ఆటలో ఉన్నారు. సెప్టెంబర్ 4న, లక్షమంది జనం గేలి చేస్తుండగా, తమను ఓడించిన ఆ కొరియానే 2-1తో ఓడించారు.

పది నెలలు తిరగకముందే, 1963 జూన్ 11న, రహీం సాహెబ్ కన్నుమూశారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకు ఆ తరువాత రాలేదు. 1970లో కాంస్యం తెచ్చిన కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది. అప్పటికి రహీం సాహెబ్ పోయి 22 ఏళ్లు.

మన ఇళ్లలో బంతాట అనగానే కాలం వృథా అని పిల్లలను కోప్పడే పెద్దలు ఇంకా ఉన్నారు. నమాజు వేళ తప్పితే కోప్పడవలసిందే. అంతకుమించి కోపానికి మాకు కారణం కనబడదు. విలువిద్యను, గుర్రపు స్వారీని ప్రోత్సహించిన ప్రవక్త (స) ఉమ్మత్ మనది.

ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఫుట్‌బాల్ ఆటగాడు, తరువాత అంతర్జాతీయ రెఫరీ. 2021లో మరణించారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులో ఆయన పేరు ఉంది. శిక్షకుడు స్వయానా తండ్రి. రోమ్‌లో మనవారు మూడు ఆటలు ఆడారు, ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించారు. ఆ మూడింటిలో ఒక్కదానిలోనూ కొడుకును మైదానంలోకి దించలేదు రహీం సాహెబ్.