హార్వర్డ్‌కు వెళ్ళిన భీమవరం అబ్బాయి

మన బడిలో చదువుకున్న పిల్లలు జేసీ రెండో ఏడాదికి వచ్చారంటే చాలు, ఇంట్లో రోజూ ఒకటే చర్చ. ఏ దేశం, ఏ యూనివర్సిటీ, ఏ కోర్సు? ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలకు అక్టోబరు మధ్యలోనే గడువు ముగుస్తుంది. అమెరికాలో చాలా పెద్ద యూనివర్సిటీలకు జనవరి మొదట్లో. ఆ హడావుడిలో ఉన్న తల్లిదండ్రుల కోసం, రేపు అందులో పడబోయే పిల్లల కోసం ఈసారి యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం గురించి రాస్తున్నాం. దాదాపు వందేళ్ళ కిందటే హార్వర్డ్‌లో చేరిన తెలుగువాడు ఆయన.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లలు, చాలీచాలని సంసారం. చిన్నతనంలో ఆయనకు చదువు మీద ధ్యాస లేదు. డబ్బు సంపాదించాలని ఇంట్లో చెప్పకుండా కాశీకి బయలుదేరితే పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మద్రాసు హిందూ హైస్కూల్లో మూడోసారి గట్టెక్కారు. తల్లి పట్టుదల లేకపోతే ఆ మూడోసారి ఉండేదే కాదు. మన పిల్లలకు ఒక్క సబ్జెక్టులో గ్రేడు తగ్గితే ఇంట్లో ఎంత గొడవ చేస్తామో గుర్తుచేసుకుంటే కాస్త నవ్వొస్తుంది.

ప్రెసిడెన్సీ కాలేజీ తర్వాత సన్యాసం తీసుకుందామని రామకృష్ణ మఠం వైపు వెళ్ళారు. అక్కడివాళ్ళు వైద్యం చదవమని సలహా ఇచ్చారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అవి గాంధీగారి స్వదేశీ పిలుపు వినిపిస్తున్న రోజులు. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు బట్టలే వేసుకుని వెళ్ళడంతో సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్ గారికి కోపం వచ్చింది. రాతపరీక్షలు బాగా రాసినా, చివరికి చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే ఒక మెట్టు తక్కువైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్. దాంతో ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం రాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పుకున్నారు. పాలిటెక్నిక్ డిప్లొమా అనగానే ముఖం చిట్లించే పెద్దలు మనలోనూ ఉన్నారు కాబట్టి ఈ సంగతి కాస్త వివరంగా రాశాం.

మరి హార్వర్డ్ ఎలా తట్టింది? పేరు చూసి కాదు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే ఉష్ణమండల వ్యాధితో చనిపోయారు. తిన్నది వంటబట్టక, రక్తం తగ్గి, మనిషి క్షీణించిపోయే జబ్బు అది. అప్పట్లో దానికి సరైన మందు లేదు. ఆ మందేదో కనిపెట్టాలన్నది సుబ్బారావు గారి ఆలోచన. రాక్‌ఫెల్లర్ సంస్థ తరఫున మద్రాసు వచ్చిన ఒక అమెరికన్ డాక్టరు పరిచయమై అమెరికా చదువు గురించి చెప్పారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం ఉండేది. దానికే దరఖాస్తు పెట్టారు. సీటు దొరికింది, డబ్బు లేదు.

మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత పోగుచేశారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాటిచ్చింది. నాయకర్ గారు గోదావరి తీరం నుంచి రంగూన్ వెళ్ళి, అక్కడ వ్యాపారంలో సంపాదించినదంతా చదువులకూ దానధర్మాలకూ రాసిపెట్టిన మనిషి. మనలాగే సముద్రం దాటి బతకడానికి వెళ్ళిన ఒక తెలుగువాడి సొమ్ము మరో తెలుగువాడిని బోస్టన్ చేర్చిందన్నమాట.

1920ల తొలినాళ్ళలో ఓడ దిగేటప్పటికి ఆయన వయసు ఇరవై ఏడు దాటింది. నేషనల్ సర్వీసు వల్ల రెండేళ్ళు వెనకబడతామని బెంగపడే మన అబ్బాయిలు ఇది గమనించాలి. బోస్టన్‌లో ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్లు శుభ్రం చేసి ఖర్చులు గడుపుకున్నారు. డిప్లొమా పూర్తయ్యాక అక్కడే జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశారు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి 1925లో వచ్చింది. తర్వాత మన కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ. బయాలజీ క్లాసులో ఏటీపీ అని రాసేటప్పుడు మన పిల్లలకు ఇది తెలిసి ఉండాలి. 1930లో పీహెచ్‌డీ వచ్చింది కానీ హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు.

అక్కడ ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకు పనికొచ్చిన మందు అదే. ఇవాళ ప్రతి గర్భిణికీ డాక్టర్లు రాసే మాత్రా అదే. బోదకాలుకు వాడే హెట్రజాన్, టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్, క్యాన్సర్‌కూ కీళ్ళవాతానికీ ఇప్పటికీ ఇచ్చే మెథోట్రెక్సేట్ ఆయన బృందాల పనే.

ఇంత చెప్పి శేషగిరి గారి మాట చెప్పకపోతే తప్పు. ఆమె సుబ్బారావు గారి భార్య. ఆయన ఓడ ఎక్కేనాటికి గర్భవతి. బాబు పుట్టాడు, పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. కొన్నేళ్ళలో తిరిగి వస్తానని వెళ్ళిన భర్త మళ్ళీ రాలేదు. 1948 ఆగస్టు 8న, 53 ఏళ్ళ వయసులో, నిద్రలోనే గుండె ఆగి పోయారు. అమెరికా పౌరసత్వం కూడా తీసుకోలేదు. 1946 దాకా అక్కడి చట్టం భారతీయులకు ఆ అవకాశమే ఇవ్వలేదు. ఆ ఇంటి వాళ్ళు చెల్లించిన ధర ఏ ఫీజుల పట్టికలోనూ కనపడదు.

1995లో, ఆయన శతజయంతికి, భారత తపాలాశాఖ ఆయన బొమ్మతో స్టాంపు తెచ్చింది. సత్యలింగ నాయకర్ గారి పేరున ఉన్న విద్యాసంస్థలు కాకినాడలో ఇప్పటికీ నడుస్తున్నాయి. డిసెంబరు సెలవులకు అటు వెళ్ళే కుటుంబాలు పిల్లలను ఒకసారి తీసుకెళ్ళి చూపించవచ్చు.