గని తలుపు నుంచి పార్లమెంటు దాకా: కీర్ హార్డీ



వేసవి సెలవుల తర్వాత హాస్టల్ తెరిచిన ప్రతిసారీ, హాజరు పిలుస్తూ మేము కొన్ని పేర్ల దగ్గర ఆగిపోతాం. ఆ పిల్లలు పనుల్లోకి వెళ్లిపోయి ఉంటారు. వాళ్లను వెతుక్కుంటూ వెళ్లినప్పుడు మేము చెప్పే జీవితం కీర్ హార్డీది.

ఆయన 1856 ఆగస్టు 15న స్కాట్లాండ్‌లోని లానార్క్‌షైర్‌లో పుట్టారు. తల్లి మేరీ ఇళ్లల్లో పనిచేసేది. బడికి పంపే స్తోమత లేక తానే చదవడం నేర్పింది. పదేళ్ల వయసులో రొట్టెల దుకాణంలో పని. సవతి తండ్రికి పని లేని రోజుల్లో ఇంటికి ఆ పిల్లవాడి కూలే ఆధారం. జబ్బుపడిన తమ్ముణ్ణి చూసుకుని ఆలస్యంగా వెళ్లాడని యజమాని కూలి కోసి, పని మాన్పించాడు.

తర్వాత బొగ్గు గని. లోపల గాలి సరిగా ఆడేందుకు, బండ్లు వచ్చినప్పుడల్లా ఒక తలుపు తీసి మూయాలి. చీకట్లో గంటల తరబడి అదే పని. అయినా రాత్రి బడికి వెళ్లాడు. దీపం పొగకు మసిబారిన రాతిపలక మీద పిన్నుతో గీస్తూ షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నాడు.

పెద్దయ్యాక తోటి కార్మికుల కోసం నోరు విప్పితే, గని యజమానులు ఎక్కడా పని దొరకనివ్వలేదు. దాంతో సంఘం పనే ఆయన బతుకైంది. 1888 ఉప ఎన్నికలో వచ్చినవి 617 ఓట్లే. అయినా ఆగలేదు. 1892లో లండన్‌లోని వెస్ట్ హామ్ సౌత్ నుంచి గెలిచి, పెద్దమనుషుల పట్టు టోపీల మధ్యకు మామూలు దుస్తుల్లోనే వెళ్లారు. మరుసటి ఏడాది ఇండిపెండెంట్ లేబర్ పార్టీ స్థాపనలో ముందు నిలిచారు.

1894 జూన్ 23న వేల్స్‌లోని ఆల్బియన్ గనిలో పేలుడు జరిగి దాదాపు 290 మంది చనిపోయారు. అదే రోజు రాజకుటుంబంలో బిడ్డ పుట్టాడు. పార్లమెంటు అభినందనలు తెలపబోతే, చనిపోయినవారికి సంతాపం కూడా తెలపాలని హార్డీ పట్టుబట్టారు. సభంతా కేకలు వేసినా కూర్చోలేదు. మరుసటి ఏడాది ఓడిపోయారు. 1900లో వేల్స్ గని ప్రాంతమైన మెర్థిర్ నుంచి మళ్లీ గెలిచారు. 1906లో పార్లమెంటులో లేబర్ పార్టీకి తొలి నాయకుడయ్యారు. 1907లో మన దేశం వచ్చి, భారతీయులకు స్వపరిపాలన కావాలని చెప్పి సొంత దేశంలో తిట్లు తిన్నారు. 1914లో యుద్ధాన్ని వ్యతిరేకించారు. 1915 సెప్టెంబర్ 26న కన్నుమూశారు.

చదువు ఆయన్ను గని నుంచి బయటికి తెచ్చింది. కానీ గనిలో మిగిలినవాళ్లను మరిచిపోనివ్వలేదు. మీ ఊళ్లో బడి మానేసిన తమ్ముడో చెల్లెలో ఉంటే, ఈ ఏడాది చెయ్యి పట్టుకుని తీసుకురండి. హాజరు పట్టీలో వాళ్ల పేరు మేము కొట్టేయలేదు.