బడిపుస్తకంలోకి కాకిని తెచ్చిన బిషప్పు

అర్థం కాని పాఠాన్ని గడగడా అప్పజెప్పిన పిల్లవాడిని పైతరగతికి పంపడం మనకు అలవాటే. సండే స్కూలులో కంఠవాక్యాల విషయంలో మనం చేస్తున్నదీ చాలావరకు అదే. ఆ పద్ధతితో జీవితమంతా పోరాడిన ఒక సంఘకాపరిని ఈ వారం జ్ఞాపకం చేసుకుందాం.

జాన్ ఆమోస్ కొమేనియస్ 1592లో, నేటి చెక్ దేశంలోని మొరేవియాలో జన్మించారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నారు. లాటిన్ బడిలో చేరేసరికి ఆయనకు 16 ఏళ్లు. ఆ ఆలస్యం ఒక విధంగా మేలే చేసిందని మాకు తోస్తుంది; చిన్నపిల్లలు నోరెత్తకుండా భరించేదాన్ని ఆయన కళ్లు తెరిచి చూశారు. రాని భాష వ్యాకరణాన్ని ఆ రాని భాషలోనే వల్లె వేయించేవారు. తప్పితే దెబ్బలు.

1616లో సహోదరుల సంఘంలో అభిషేకం పొంది, ఫుల్నెక్ పట్టణంలో కాపరిగా, ఉపాధ్యాయుడిగా పనిచేశారు. యుద్ధంలో ఆ ఊరు కాలిపోయింది. 1622లో భార్యనూ ఇద్దరు బిడ్డలనూ తెగులు తీసుకుపోయింది. 1628లో, హింసకు గురైన తన సంఘంతోపాటు పోలండులోని లెష్నోకు వలసపోయారు.

అక్కడ బడి నడుపుతూనే, గురువు తక్కువ చెప్పి విద్యార్థి ఎక్కువ నేర్చుకునే మార్గాన్ని వెదికారు. మొదట మాతృభాష. మాటకంటే ముందు వస్తువు. రాయడం రాస్తూనే రావాలి. కింది మెట్టు గట్టిపడకుండా పై మెట్టు ఎక్కించకూడదు. బీదల పిల్లలకూ ఆడపిల్లలకూ ఇదే చదువు కావాలన్నారు. ఆ కాలానికి ఇది చిన్న మాట కాదు.

1656లో లెష్నో కూడా తగలబడింది. నలభై ఏళ్లకు పైగా కూర్చిన నిఘంటువు రాతప్రతి బూడిదైంది. అప్పటికి ఆయన 64 ఏళ్ల వృద్ధుడు, తన సంఘానికి బిషప్పు. ఆమ్‌స్టర్‌డామ్‌లో తలదాచుకున్నారు.

రెండేళ్లకు, 1658లో, నూరెంబర్గులో ఆయన బొమ్మల పుస్తకం అచ్చయింది. 150 పాఠాలు, లాటిన్‌తో పాటు జర్మన్. బొమ్మలోని ప్రతి వస్తువుకూ ఒక అంకె, కింద మాట పక్కనా అదే అంకె. ఎవరూ చెప్పకుండానే పిల్లవాడు జత కలుపుకోవచ్చు. అక్షరమాలలోనైతే మొదటి అక్షరానికి ఎదురుగా కాకి బొమ్మ, దాని అరుపు. రెండో దానికి గొర్రెపిల్ల. ఆ కూతలు పిల్లవాడు తన పెరట్లో ఎప్పుడో విన్నవే; ఇక నేర్చుకోవలసింది వాటి పక్కనున్న గీతలు మాత్రమే.